నా తిట్లు కువైట్ దాకా పోయాయి

రాయడం నాకిదే మొదటిసారి, తప్పులుంటే ఏమనుకోకండి. చాలా ఏళ్ల కిందట ఏర్పేడు దగ్గర మా ఊళ్లో మోటారు కాలిపోయి ఎండాకాలమంతా కొళాయిలో నీళ్లు రాలేదు. ఖాళీ బిందె పట్టుకుని నేను గవర్నమెంటును తిట్టిన తిట్లన్నీ మా తమ్ముడు రమణ తిరుపతి నెట్ సెంటర్లో కూర్చుని తన బ్లాగులో ఉన్నదున్నట్టు రాశాడు. ఆ సెంటరుకు వచ్చేవాళ్లే చదువుతారనుకున్నాను.

ఒకరోజు జీపులో ఆఫీసరు వచ్చి, "రమణ యాడ?" అన్నాడు. తమ్ముణ్ణి పట్టుకుపోతారని ఆయనకు అడ్డం పోయాను.

"వాడు రాసినాడంతే సార్. తిట్టింది నేను. తీసకపోతే నన్ను తీసకపోండి" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "నువ్వేనామ్మా? కువైట్లో ఉండే మనోళ్లు నీ తిట్లు సదివి ఆఫీసుకు ఒకటే ఫోన్లు. ముందు ఆ మోటారు సూపీ" అన్నాడు.

నేను తిరుపతి దాటి ఎరగను. నా మాట ఏ దారిన పోయిందో అని ఆకాశంకేసి చూస్తూ నిలబడిపోయాను.