వార్నిష్‌లో ఊక

మేస్త్రి గారు పోయారు. వాళ్లమ్మాయి ఇటలీ నుంచి ఫోన్‌కి చిన్న మెసేజ్ పంపింది. ముందు రోజు కూడా ఉలులు నూరుకుని, బల్ల తుడిచి, మామూలుగా ఇంటికి వచ్చి పడుకున్నారట. ఆయన గురించి వాళ్ల దేశంలో తెలిసినవాళ్లు చాలామంది రాస్తారు. మండపేటలో ఆయన్ని ఎరిగినవాళ్లం కొద్దిమందిమి. మా అందరి తరఫునా ఇది నేను రాస్తున్నాను. రైస్ మిల్లులో రోజూ లెక్కలు రాయడం తప్ప వేరే రాత నాకు అలవాటు లేదు.

ఆయన వయొలిన్లు చేసేవారు. ఆయన చిన్నతనానికి వాళ్ల ఊళ్లో ఆ పని దాదాపు అడుగంటిందట. ఫ్యాక్టరీ వయొలిన్లు వచ్చేసి, వయొలిన్ మేస్త్రికి పిల్లనిచ్చేవాళ్లే కరువయ్యారని నవ్వుతూ చెప్పేవారు. కొందరు పట్టుదల గలవాళ్లు పాతవాళ్లు వదిలిపోయిన అచ్చులూ, చెక్క మీద వాళ్ల కత్తి గాట్లూ చూసి ఆ పనిని మళ్లీ నేర్చుకున్నారు. ఈయన వాళ్ల దగ్గర నేర్చారు. "చెప్పడానికి గురువు లేకపోతే గాట్లు చూడు, అవే చెప్తాయి" అనేవారు. మిల్లు నుంచి వచ్చాక నేను చేసే వయొలిన్ మరమ్మతు పనీ అదే తీరు. పాడైన వయొలిన్లు విప్పుకుని చూసి నేర్చినవాణ్ణి.

మనవాళ్లు వయొలిన్‌ని కింద కూర్చుని, దాని తల పాదం మీద ఆనించి వాయిస్తారని విని, అది చూడ్డానికి ఒక శీతాకాలం రాజమండ్రి వచ్చారు. అక్కడ సంగీతం చెప్పే అమ్మగారు వాయిస్తుంటే అందరూ వేళ్లు చూస్తారు. ఈయన ఆవిడ చీలమండ చూస్తూ కూర్చున్నారు. పాట అయ్యాక జేబులోంచి టేపు తీసి కొలుస్తానన్నారు. "ఏంటండీ, నాకు పట్టీలు చేయిస్తారా?" అంది ఆవిడ. కాలికి ఒత్తుకోని తల ఎలా చెక్కాలన్నదే ఆయన ధ్యాస. ఆవిడ వయొలిన్‌కి మరమ్మతులు చేసేది నేనని తెలిసి నాతో మండపేట వచ్చేశారు. ఫాల్గుణం దాకా మా మేడ మీద గదిలో ఉన్నారు.

నా చేత ఒక వయొలిన్ మొదటి నుంచీ చేయిస్తానన్నారు. పై పలకకి వాళ్ల కొండల చెక్క తెచ్చారు. వెనక పలకకి ఇక్కడి చెక్కే కావాలన్నారు. మన వీణలు పనసతో చేస్తారని చెప్తే రాజమండ్రి టింబర్ డిపోకి తీసుకెళ్లమన్నారు. పనస పలకలు ఒక్కొక్కటే ఎత్తి, వేలితో కొట్టి, చెవి ఆనించి వింటూ పూట గడిపారు. డిపో యజమాని చూసి చూసి, పుచ్చకాయలు పక్క వీధిలో అమ్ముతారని చెప్పండి ఆయనకి అన్నాడు. ఇంగ్లీషులోకి మార్చి చెప్తే మేస్త్రి గారు పొట్ట పట్టుకుని నవ్వారు, మళ్లీ కొట్టడం మొదలెట్టారు.

ఒక ఆదివారం ఆత్రేయపురంలో పూతరేకులు చేసేచోటికి తీసుకెళ్లాను. కాలే కుండ మీద పిండి గుడ్డ ఇలా పరిచి అలా లాగితే రేకు లేచి రావడం చూసి ఆయన చెయ్యి చాపారు. "ఆగండి, కాలుద్దండీ" అని కుండ దగ్గరున్నావిడ కసిరింది. ఆ రోజు నుంచి ఆయనకి రెండు తెలుగు మాటలు వచ్చాయి. చెక్క మీద నేను తొందరపడితే "ఆగండి". గీకినప్పుడు పొర గాలికి ఎగిరేంత పలచగా వస్తే, దాన్ని వెలుగుకి పట్టుకుని "పూతరేకు". ఆ రెండో మాట కోసం వారాల తరబడి ఎదురుచూశాను.

కోరుకొండ స్వామివారి కల్యాణానికి అమ్మగారి కచేరీ ఉంది. అందులో ఈ వయొలిన్ వాయించమని మేస్త్రి గారు అడిగారు. కొత్త వయొలిన్ పచ్చిగా పలుకుతుందని ఆవిడకి అనుమానం. పాతది కూడా తెచ్చుకుంటాను, నచ్చితేనే మీది అంది. నలుగురిలో నా వయొలిన్ మోగుతుందా, పెట్టెలోనే ఉండిపోతుందా అని నాకు అన్నం సయించేది కాదు.

వార్నిష్ పూత ఎండలో ఆరాలని మేస్త్రి గారు దాన్ని మేడ మీద బట్టల తీగకి వేలాడదీశారు. వాళ్ల ఊళ్లో అలాగే చేస్తారట. "వెనక మిల్లు తిప్పుతారండీ, ఊక ఎగురుద్ది" అని మా ఆవిడ చెప్పింది. ఆయన ఎంతో ధీమాగా "ఆగండి" అన్నారు. సాయంత్రం నేను వచ్చేసరికి వయొలిన్‌కి ఒళ్లంతా బంగారు నూగు మొలిచినట్టుంది. ఆయన దాని ముందు కుర్చీ వేసుకుని, అద్భుతం చూస్తున్నట్టు కూర్చున్నారు.

మా ఆవిడా, ఆయనా చిన్న పట్టకార్లతో ఊక ఏరారు. నేనేమో టార్చి పట్టుకుని నిలబడ్డాను. పూత సరిచేసి మళ్లీ వేశారు, ఈసారి గదిలో తలుపులు మూసి. ఒక్క ఊక మాత్రం పై పలక మీద, శబ్దం బయటికొచ్చే చీలిక పక్కన లోతుగా దిగిపోయింది. గీకేద్దామన్నాను. వద్దన్నారు. పాత మేస్త్రీల పూతల్లో కూడా కుంచె వెంట్రుకలు చిక్కుకుని ఉంటాయనీ, అవి చూసినప్పుడల్లా ఆ మనిషి ఇప్పుడే లేచి వెళ్లినట్టు తనకి అనిపిస్తుందనీ చెప్పారు.

కోరుకొండలో అమ్మగారు వయొలిన్ చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. వేలు సరిగ్గా అక్కడే ఆగింది.

"ఇదేంటండీ?"

మేస్త్రి గారు ముందుకి వంగి, నేర్పకుండానే వచ్చిన మూడో మాట అన్నారు.

"మండపేట."

ఆవిడ నవ్వింది. కింద కూర్చుని, తలని పాదం మీద ఆనించి, ఒకసారి కాలు సర్దుకోబోయి, సర్దుకోవలసిన అవసరం లేదని గ్రహించి ఆయన వైపు చూసింది. శ్రుతి చేసుకుంది. ఆ రోజు పాత వయొలిన్ పెట్టె మూత తియ్యలేదు. మేస్త్రి గారు మాత్రం కచేరీ అంతా ఆవిడ చీలమండ చూస్తూనే కూర్చున్నారు.

నిన్న సాయంత్రం కబురు చెప్పడానికి రాజమండ్రి వెళ్లాను. ఆవిడ విని లేచి వయొలిన్ తెచ్చుకుని గుమ్మం దగ్గర కూర్చుంది. వాయిస్తుంటే ఏటవాలు ఎండ పై పలక మీద పడింది. ఒళ్లు కాస్త ఊగినప్పుడల్లా చీలిక పక్కన ఆ ఊక ఒకసారి మెరుస్తోంది, ఒకసారి ఆరుతోంది.