వణికే చేతికి మొన వద్దన్న ఆంటీ

మధురానగర్‌లో నేను అద్దెకున్న ఇంటి ఓనరాంటీ పోయారని మొన్న పొద్దున వాళ్ల చెల్లెలు ఫోన్ చేసి చెప్పారు. నిద్రలోనే పోయారట. ఏడుపు తర్వాతెప్పుడో వచ్చింది. ముందు భయమేసింది. ఇన్నేళ్లయినా ఆకాశం నల్లబడితే చాలు, ఏదో వంక పెట్టి ఆవిడకే ఫోన్ చేసేదాన్ని. "భయమైతుందా బిడ్డా? నాకు సుత అయితుంది. మాట్లాడు" అనేవారు.

అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు కోసం నేను తెనాలి నుంచి వచ్చిన రోజులవి. గోడ కనిపిస్తే కోర్సు బ్యానరు, మేడ కనిపిస్తే హాస్టలు. ఆంటీ సర్కారు దవాఖానాలో నర్సుగా చేసి రిటైరయ్యారు. ఒక్కరే ఉండేవారు, ముందు గది నాకిచ్చారు. చేరిన రోజే ఇల్లంతా తిప్పుతూ తలుపు వెనక చిన్న గొడ్డలి, వంటింటి గూట్లో కురచ కత్తి, తన చేతిసంచిలో కత్తెర చూపించారు. ఈవిడ ఎవర్ని నరకడానికి ఇవన్నీ అనుకుని, నా గదికి గడియ సరిగ్గా పడుతుందో లేదో చూసుకున్నాను.

ఆవిడ నాకంటే పిరికిదని తర్వాత తెలిసింది. పెళ్లైన కొత్తలో భర్త ఎక్కిన బస్సు కాలవలో పడిందట. ఈత వచ్చిన మనిషేనట. కిటికీ ఊచకి చొక్కా చిక్కుకుని బయటికి రాలేకపోయాడు. ఆ సంగతి నాకు ఒక్కసారే చెప్పారు, బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండా.

ఆ ఏడాది కాలనీలో దొంగలు పడుతున్నారని పుకారు లేచింది. పక్క వీధిలో ఎవరి చెయ్యో నరికారని ఒకరంటే, చెయ్యి కాదు మెడ అని ఇంకొకరు. పై వాటాలో ఉండే సాఫ్ట్‌వేర్ అబ్బాయి మూరెడు కత్తి కొనుక్కొచ్చాడు. వెనకవైపు రంపం పళ్లు, పిడి మూతలో దిక్సూచి. అది చూస్తే నాకూ ఒకటి కావాలనిపించింది. ఆంటీ పిడి మూత తిప్పి లోపలికి చూశారు. అంతా బోలుగా ఉందని, కత్తి ఇనుము పిడి చివరిదాకా లేదని, గట్టిగా ఒక దెబ్బ వేస్తే ఊడి వచ్చి పట్టుకున్నవాడికే తగులుతుందని చెప్పారు.

"మనిషి మీదికి ఎత్తేదైతే అసలే వద్దు. వార్డుల మస్తు చూసిన. గుంజుకున్నోనిదే కత్తి" అన్నారు.

మరి దొంగ వస్తే ఏం చేయాలని అతను అడిగాడు. తలుపేసుకుని అరవమన్నారు, తీసుకుపోయేది తీసుకుపోనివ్వమన్నారు. తన ఇంట్లో ఉన్నవి దొంగల కోసం కాదట. గొడ్డలి తలుపు బిగుసుకుపోతే పగలగొట్టడానికి, కత్తి తాడు కోయడానికి, కత్తెర మనిషిని విడిపించడానికి.

ఆ వారమే నన్ను బజారుకి తీసుకెళ్లారు, నాకొక కత్తెర కొనిపెట్టడానికి. దుకాణం భాయ్ ముందు మడత కత్తులు పరిచాడు. తెరవడానికి రెండు చేతులు కావాలని పక్కన పెట్టించారు. గ్లాసుడు నీళ్లడిగి, అరచెయ్యి తడుపుకుని, కళ్లు మూసుకుని ఒక్కో కత్తెరా పట్టుకుని చూశారు. జారినవన్నీ వెనక్కి ఇచ్చేశారు. చివరికి తన సంచిలో ఉన్నలాంటిదే, దవాఖానాలో గాయాల కట్లు కత్తిరించే రకం తీశారు. దాని కింది కొస మొద్దుగా, పలచగా ఉంది.

"భయమైతే చెయ్యి వణుకుతది బిడ్డా. వణికే చేతికి మొన ఉండొద్దు."

ఆ వానాకాలంలోనే ఒక మధ్యాహ్నం, ఆవిడ పెన్షన్ పనిమీద మాసబ్ ట్యాంక్ వెళ్లి ఆటోలో వస్తున్నాం. పంజాగుట్ట చేరేసరికి రోడ్డు కనిపించడం మానేసింది. జల్లు కొట్టకుండా డ్రైవరు రెండువైపులా పరదాలు దించి తాళ్లు బిగించాడు. నీళ్ల కింద ఎక్కడో తవ్విన గొయ్యి ఉంది. ముందు చక్రం అందులో దిగి, ఆటో నా వైపుకి ఒరిగి పడిపోయింది.

బురద నీళ్లు ముక్కులోకొచ్చాయి. తల ఎత్తబోతే మెడ దగ్గర గుంజింది. చున్నీ సీటు కింద రాడ్డుకి చుట్టుకుపోయింది. ఎత్తినకొద్దీ బిగుస్తోంది. అరుద్దామంటే నోట్లో నీళ్లు. డ్రైవరు ముందునుంచి పాక్కుంటూ బయటపడి ఆటో లేపమని జనాన్ని పిలుస్తున్నాడు. ఆంటీ బరువంతా నా మీదే ఉంది. అప్పుడు చెవి కింద చల్లగా ఇనుము తగిలింది. ఆ చెయ్యి వణుకుతోంది. నా మెడ తెగిపోతుందనే అనుకున్నాను.

"కదలకు. నాకు సుత భయమైతుంది. కదలకు" అన్నారు చెవిలో.

మొద్దు కొస చర్మం మీదుగా జారుకుంటూ చున్నీ కిందికి దూరింది. రెండు మూడు సార్లు ఆడింది. తల ఒక్కసారిగా పైకి లేచింది. నేను దగ్గుతుండగానే ఆవిడ పరదా తాళ్లు కత్తిరించారు. ఎవరివో చేతులు మమ్మల్ని బయటికి లాగాయి.

ఒక దుకాణం మెట్ల మీద కూర్చోబెట్టారు. నా మెడ మీద చిన్న గీత కూడా లేదు. ఆంటీ పక్కకి తిరిగి వాంతి చేసుకున్నారు. పళ్లు టకటకలాడుతున్నాయి, నా మణికట్టు మాత్రం వదల్లేదు. "అమ్మకి మస్తు ధైర్యం" అని డ్రైవరు అంటుంటే తల అడ్డంగా ఊపారు.

"ధైర్యం ఏడిది తమ్మీ. భయానికే నేర్చుకున్న" అన్నారు.

నాకు ఉద్యోగం వచ్చి గది ఖాళీ చేసేదాకా వాన పడిన ప్రతి సాయంత్రం ఆవిడ ఇంట్లో నిలవలేకపోయేవారు. నేను బస్సు దిగి సందు మొదట్లోకి వచ్చేసరికి దూరంగా కనిపించేవారు. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, గాలికి వెనక్కి తిరిగిపోయిన గొడుగుతో, పాదాలు మునిగే నీళ్లలో నిలబడి, మలుపు దగ్గర నెమ్మదించిన ప్రతి ఆటోనీ ఆపి, పరదా ఎత్తి, లోపలికి వంగి చూస్తూ.