నలగని నిమ్మకాయ

రోడ్డు కుంగితే మీరు మట్టిని అనుమానిస్తారా, దిష్టినా?

సింగపూర్‌లో, బూన్ లే దగ్గర ఒక ఫ్యాక్టరీ రోడ్డు పనికి నేను సూపర్‌వైజర్‌ని. రోలర్ నడిపేది జగిత్యాల మల్లేశన్న. ఎంత తొక్కించినా మట్టి గట్టిపడలేదు, గట్టిదనం పరీక్షలో తప్పింది. శనివారం మళ్లీ పరీక్ష. మేనేజర్ మల్లేశన్న మీద విరుచుకుపడ్డాడు.

"సాటర్డే ఫెయిల్, యూ గో హోమ్ లా!"

"కొత్త బండికి నిమ్మకాయ తొక్కియ్యలే తమ్మీ. దిష్టి తగిలింది," అంటూ మల్లేశన్న చక్రం ముందు నిమ్మకాయ పెట్టాడు.

నాకు ఒళ్లు మండింది. అయినా, "తొక్కించన్నా, చూద్దాం," అన్నాను.

అంత బరువూ దాని మీదుగా పోయింది. నిమ్మకాయ మాత్రం నలగకుండా మట్టిలో దిగబడి ఉంది!

"చూశావా అన్నా? ఇది తడి బంకమట్టి. నీ నున్నటి చక్రం కంకరకు, ఇసుకకు పనికొస్తుంది. దీనికి గొర్రె గిట్టల్లాంటి బొడిపెలున్న చక్రం కావాలి. అది లోపలిదాకా తొక్కుతుంది."

మేనేజర్‌కి ఆ నిమ్మకాయనే చూపించి షీప్‌ఫుట్ రోలర్ తెప్పించాను. మట్టిని తిరగేసి ఆరబెట్టి, దానితో తొక్కించాం.

శనివారం పరీక్ష నెగ్గాం. మల్లేశన్న తన నున్నటి చక్రం రోలర్ ముందు మరో నిమ్మకాయ పెట్టి నడిపాడు. గట్టిపడ్డ మట్టి మీద అది ఫట్‌మని పచ్చడైంది.

"దిష్టి పోయిందా అన్నా?"

"దిష్టి యాడిది తమ్మీ, రోలర్ మారింది, మట్టి గట్టిపడ్డది!" అని పగలబడి నవ్వాడు.

మీ ఊళ్లో రోడ్డు వేసేటప్పుడు కొబ్బరికాయ కొట్టేచోట చేతులు కట్టుకుని నిలబడకండి. గుప్పెడు మట్టి తీసి పిసకండి. జిగురుగా ముద్దయితే, దీనికి తగిన రోలర్ ఏదని కాంట్రాక్టర్‌ని నిలదీయండి!