గుర్రాలతో రీటేక్ చేయించిన భీమన్న

భీమన్నకు ఒక్క ఫోటోతో తృప్తిపడటం చేతకాదు. కెమెరా క్లిక్‌మన్న మరుక్షణం ఆయన నోట్లోంచి "ఇంకొక్కసారి" అనే మాట రావాల్సిందే. ఎవరైనా తుమ్మితే చిరంజీవ అన్నట్టు, అది ఆయన ఆలోచించి అనే మాట కాదు. ఒమన్‌లోని ఇబ్రాలో ఆయనతో ఒకే రూమ్‌లో ఉంటూ, ప్రతి శుక్రవారం ఆయన కెమెరా మీద ఎండ పడకుండా గొడుగు పట్టే రఘుపతికి నిద్రలో కూడా ఆ మాటే వినిపించేది.

మెట్‌పల్లిలో స్టూడియో నడిపిన రోజుల్లో భీమన్నను చూస్తే పెళ్లికొడుకుల కన్నా అయ్యగార్లు ఎక్కువ బెదిరేవారట. పోసిన తలంబ్రాలు ఏరించి మళ్లీ పోయించేవాడు. ముహూర్తం దాటిపోతోందని ఒక అయ్యగారు మొత్తుకుంటే, ముహూర్తాలు ఏడాదికి యాభై వస్తాయి, ఈ వెలుతురు మళ్లీ రాదని తేల్చేశాడు. ఒక అప్పగింతల్లో పెళ్లికూతురి తల్లి గుండె పగిలేలా ఏడుస్తుంటే, "అక్కా, జర ఇటు మల్లి ఇంకొక్కసారి ఏడువు" అన్నాడు. ఆమె ఏడుపు ఎటుపోయిందో పోయి, ఫక్కున నవ్వింది. ఆల్బంలో ఉన్నది ఆ నవ్వే.

తర్వాత ప్రతి చేతిలోకీ ఫోన్ వచ్చింది, స్టూడియోకు తాళం పడింది. భీమన్న టైల్స్ పని నేర్చుకుని ఒమన్ చేరాడు. సైట్‌లో కూడా అదే వరస. పరిచిన టైల్‌ను దూరం నుంచి ఒక కన్ను మూసి చూసేవాడు, పీకేవాడు, ఇంకొక్కసారి పరిచేవాడు. ఫోర్‌మన్ తల పట్టుకున్నా, ఆయన పరిచిన నేల మీద నీళ్లు పోస్తే ఎటూ జారకుండా ఆలోచనలో పడేవి.

అదే రూమ్‌లో ఉండే జిలాని బక్రీదుకు బిర్యానీ వండితే, తినేముందు అందరికీ కలిపి ఒక ఫోటో అన్నాడు భీమన్న. అందరూ ముద్దలు నోటి దగ్గర పెట్టుకుని నవ్వాలి. ఒకరు నవ్వితే ఇంకొకరు కళ్లు మూశారు. ఇంకొక్కసారి. ముద్ద జారింది. ఇంకొక్కసారి. చివరికి బిర్యానీ చల్లారి గడ్డకట్టింది, జిలాని అలిగి మంచం ఎక్కాడు. భీమన్న ఆ మంచం దగ్గరికీ కెమెరా పట్టుకుపోయి, ఆ అలక చాలా బాగుందని, ముఖం కొంచెం ఎడమకు తిప్పి ఇంకొక్కసారి అలగమని బతిమాలాడు.

ఇలాంటి మనిషికి గుర్రాల పని దొరకడం విధి ఆడిన వేళాకోళం. ఇబ్రా బయటి మైదానంలో చలికాలం శుక్రవారాల్లో అర్దా అనే కుర్రవాళ్ల గుర్రపుస్వారీ ప్రదర్శన జరుగుతుంది. రెండు గుర్రాలు పక్కపక్కనే దౌడు తీస్తుంటే, వాటి మీది ఇద్దరు పిల్లలు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని జీను మీద లేచి నిలబడతారు. రెప్పపాటు పని. ఆ రెప్పపాటును ఫోటో తియ్యాలి. గుర్రపుశాలలో టైల్స్ వేయడానికి వెళ్లిన భీమన్న తనకు కెమెరా పని వచ్చని చెప్పుకున్నాడు. అక్కడి పనులన్నీ చూసే పాకిస్తానీ ఎహసాన్ ఆయన మాట నమ్మి, సరే రమ్మన్నాడు.

మొదటి శుక్రవారమే ఎహసాన్‌కు విషయం అర్థమైంది. మొదటి జంట బాణంలా దూసుకుపోయింది. జనం కేకలు వేశారు. ఇంతలో భీమన్న మైదానం మధ్యకు ఉరికి, చేతులు రెండూ పైకెత్తి "మర్రా థానియా, మర్రా థానియా" అని అరుస్తూ గుర్రాల వెంట పడ్డాడు. అంటే అరబ్బీలో మళ్లీ ఒకసారి అని. సైట్‌లో నేర్చుకున్న మాటల్లో ఆయన అన్నిటికన్నా ముందు నేర్చుకున్నది అదే. వెనక ఎవరికో దెబ్బ తగిలిందేమోనని పిల్లలు హడలిపోయి గుర్రాలను తిప్పుకొచ్చారు. తీరా వస్తే, కుడివైపు గుర్రం తల మరీ పైకెత్తిందని, కొంచెం దించి పరిగెత్తమని రఘుపతిని చెప్పమన్నాడు భీమన్న.

"గుర్రానికి నేనెట్ల చెప్తనే అన్నా" అన్నాడు రఘుపతి.

"పెండ్లికొడుక్కు చెప్పలేదా? గిదిగూడ గంతే."

మైదానం పెద్ద ఖల్ఫాన్ అనే ముసలాయన గడ్డం తడుముకుంటూ పడీపడీ నవ్వాడు. ఆయన నవ్వాక ఎహసాన్ మాత్రం ఏం చేస్తాడు? ఆ రోజు నుంచి పిల్లలు భీమన్నకు మర్రా థానియా అనే పేరు పెట్టేశారు. బజారులో కనిపించినా అలాగే పిలిచేవారు. ఆయన వాళ్లను కూడా అక్కడే నిలబెట్టి ఫోటో తీసి, ఇంకొక్కసారి అనేవాడు.

కానీ గుర్రాలకు ఆయాసం వస్తుంది కదా. ఎహసాన్‌కు ఓపిక సన్నగిల్లింది. మస్కట్ నుంచి అతిథులు వచ్చే పెద్ద శుక్రవారం పొద్దున భీమన్నను పక్కకు పిలిచి, ఈరోజు ఆ మాట నోట్లోంచి వస్తే వచ్చేవారం నుంచి ఇంకో ఫోటోగ్రాఫర్ వస్తాడని హిందీలో నెమ్మదిగా చెప్పాడు. కేకలేసేవాడు నెమ్మదిగా మాట్లాడితే అది ఖాయమన్నమాట. భీమన్న తల ఊపి, పెదాల మీద వేలు పెట్టుకుని చూపించాడు.

అప్పుడే జైనబీ వచ్చింది. రాయచోటి మనిషి. ఆ మైదానంలో సవారీ చేసే హిలాల్‌ను, వాళ్లింట్లో పనిచేస్తూ, నాలుగేళ్ల పిల్లాడప్పటి నుంచి పెంచుతున్నది ఆమే. చేతిలో ఖర్జూరాల డబ్బా ఉంది గానీ ముఖంలో ప్రాణం లేదు.

"పోయిన నెల పడినాడు కదన్నా, చెయ్యి బాగైంది, బయం మాత్రం పోలేదు" అంది. "రాత్రి అన్నం గూడా ముట్టలేదు. ఈ పొద్దు నిలబడకపోతే వాళ్ల చిన్నాయన కొడుకు నాసిర్ పక్కన వేరే పిల్లోన్ని ఎక్కిస్తారంట. అదే జరిగితే వీడు ఇంక గుర్రం మొకం సూడడు. నాకు తెలుసు."

భీమన్న ఒక ఖర్జూరం నోట్లో వేసుకుని కెమెరా అద్దం తుడుచుకున్నాడు.

మొదటి జంటలు పోయాయి. భీమన్న ప్రతి క్లిక్ తర్వాతా నోరు తెరవడం, ఎహసాన్ వైపు చూడటం, మింగేయడం. మింగీ మింగీ పాపం గొంతు నొప్పి పట్టి ఉంటుంది. తర్వాత హిలాల్, నాసిర్ వచ్చారు. తెల్లటి దుస్తులు, తలపాగాలు, గుర్రాల మెడల్లో వెండి గంటలు. దుమ్ము లేచింది. నాసిర్ చటుక్కున లేచి నిలబడ్డాడు. హిలాల్ సగం లేచాడు. నాసిర్ భుజం మీది చెయ్యి తీసేసి, కూలబడి, జూలు పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. కుర్రవాళ్ల గుంపులో ఎవరో కిసుక్కుమన్నారు.

మైదానం చివర హిలాల్ గుర్రం దిగాడు. కళ్లెం ఎవరి చేతిలోనో పెట్టి, తల దించుకుని జైనబీ ఉన్న కారు వైపు నడిచాడు.

రఘుపతి గొడుగు కింద నుంచి కెమెరా తెర మీదికి తొంగిచూశాడు. అద్దంలాంటి ఫోటో. గుర్రం కనురెప్పలు లెక్కపెట్టుకోవచ్చు. హిలాల్ ముఖంలో భయం కూడా అంతే స్పష్టంగా ఉంది. ఇన్నాళ్లకు భీమన్నకు మొదటి దెబ్బకే కుదిరిందని రఘుపతి మెచ్చుకోబోయాడు. ఈలోగా ఆయన అతిథుల ఎదురుగా మైదానం మధ్యకు పోయి నిలబడ్డాడు. చేతులు రెండూ పైకి లేచాయి.

"మర్రా థానియా."

ఎహసాన్ ముఖం ఇటుకరాయి రంగుకు తిరిగింది. భీమన్న ఆయన దగ్గరికి పోయి, తప్పంతా తనదేనని, ఎండ అద్దంలో పడి ఫోటో మొత్తం నల్లగా వచ్చిందని, మస్కట్ నుంచి వచ్చిన పెద్దలకు ఈ జంట ఫోటో లేకుండా ఎలా ఇస్తానని, తెలుగూ హిందీ అరబ్బీ కలగలిపి దండకం చదివాడు.

"అన్నా, ఫోటో మంచిగనే..." అని రఘుపతి మొదలుపెట్టాడు. మిగతా మాట బయటికి రాలేదు. భీమన్న సేఫ్టీ బూటు రఘుపతి కాలి వేళ్ల మీద ఉంది.

ఖల్ఫాన్ ముసలాయన ఎప్పటిలా నవ్వి చెయ్యి ఊపాడు. ఆయన అనుమతి దొరికింది, ఇక హిలాల్ అనుమతి దొరకాలి. వాడు కారు తలుపు పట్టుకుని నిలబడ్డాడు, రానన్నాడు. భీమన్న వాడి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"నీ తప్పు కాదు బిడ్డా. పాడైంది నా కెమెరా. వాళ్ల ముంగట ఇజ్జత్ పొయ్యేది నాది. నాకోసం ఇంకొక్కసారి ఎక్కవా?"

జైనబీ దాన్ని అరబ్బీలోకి మార్చింది. భీమన్న అన్నది నాలుగు మాటలు, ఆమె చెప్పింది నలభై. నడుమ ఎహసాన్ పేరు వచ్చింది, ఇండియా వచ్చింది, విమానం కూడా వచ్చింది. ఈ భీమన్న ఉద్యోగం పోయి రాత్రికి రాత్రే ఇంటికి పంపేస్తారన్నట్టుగా ఆమె చెయ్యి ఆకాశంలోకి ఎగిరింది. హిలాల్ భీమన్నను కిందినుంచి పైదాకా జాలిగా చూశాడు. ఇన్నేళ్లొచ్చినా ఒక్క ఫోటో సరిగ్గా తీయడం రాని ఈ మనిషిని ఎవరో ఒకరు ఆదుకోవాలి కదా అన్నట్టు నిట్టూర్చి, తలపాగా బిగించుకున్నాడు.

ఈసారి గుర్రాలు వచ్చేటప్పుడు మైదానం ఊపిరి బిగబట్టింది. నాసిర్ చెయ్యి చాపాడు. హిలాల్ లేచాడు. వంగాడు, తూలాడు, నాసిర్ భుజం దొరకబుచ్చుకున్నాడు, నిటారుగా నిలబడ్డాడు. రెండు గుర్రాలూ ఒకే గుర్రంలా దాటిపోయాయి. జైనబీ ఖర్జూరాల డబ్బా ఎటు విసిరిందో ఆమెకే తెలియదు.

రఘుపతి పక్కకు తిరిగి చూశాడు. కెమెరా భీమన్న మెడలో వేలాడుతోంది. ఆయన రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొడుతున్నాడు. ఒక్కసారి కూడా నొక్కలేదు.

రెండు నిమిషాల్లో హిలాల్ గుర్రంతోనే వచ్చేశాడు. ఒగరుస్తూ, పళ్లన్నీ బయటపెట్టి, ఫోటో చూపించమని చెయ్యి చాపాడు. కెమెరాలో వాడిది ఉన్నది ఆ భయపడిన ఫోటో ఒక్కటే. భీమన్న బొటనవేలు మెల్లగా కదిలి దాన్ని చెరిపేసింది. తర్వాత ఆయన కెమెరాను చొక్కా కొసతో తుడుస్తూ రఘుపతి వైపు చూశాడు.

రఘుపతికి కాలి వేళ్లు ఇంకా సలుపుతున్నాయి. అయినా ఒక అడుగు ముందుకేశాడు.

"తప్పు నాది" అన్నాడు. "సంబరం పట్టలేక అన్న చెయ్ గుంజిన. ఫోటో పాడైంది."

జైనబీ నోరు తెరిచేలోపే హిలాల్‌కు విషయం అర్థమైంది. ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఒకడికి తీయడం రాదు, ఇంకొకడికి తీయనివ్వడం రాదు.

"మర్రా థానియా?" అన్నాడు వాడే. జవాబు కోసం ఆగలేదు. నాసిర్‌ను కేకేసి, గుర్రాన్ని తిప్పేశాడు. ఎహసాన్ ఇసుకలోనే కూలబడ్డాడు. కాసేపటికి ఆయన కూడా ఈల వేశాడు.

మూడోసారి ఫోటో వచ్చింది. గుర్రాల కాళ్లు మసకగా ఉన్నాయి, హిలాల్ తలపాగా సగం ఊడి గాలిలో ఉంది. మొత్తం ఫోటో కుడివైపుకు ఒరిగింది.

"వంకర వచ్చిందే అన్నా" అన్నాడు రఘుపతి. "ఇంకొక్కసారి అందామా?"

భీమన్న ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు. కెమెరాను సంచిలో పెట్టి జిప్పు లాగాడు.

"ఊకోరా. పోరలకు ఆకలైతున్నది."