అవునన్న పాపాన పోని మనిషి

క్లెటస్ బ్రూబేకర్ డెబ్భై నాలుగేళ్ళ జీవితంలో ఎవరితోనూ అవునన్న పాపాన పోలేదు. ఎండగా ఉందని మీరంటే ఆయన కోటు గుండీలు పెట్టుకుంటాడు. చలిగా ఉందంటే విప్పుకుంటాడు. ఎందుకొచ్చిన గొడవని నోరు మూసుకున్నారనుకోండి, "మాట్లాడకుండా ఉంటే బతికిపోతాననుకున్నారా? అక్కడే పప్పులో కాలేశారు" అంటాడు.

ఆయన పెళ్ళికి మా అమ్మ వెళ్ళింది. ఈ ఓపల్‌ని భార్యగా స్వీకరిస్తున్నావా అని పాస్టరు గారు అడిగితే, "అక్కడే పప్పులో కాలేశారు పాస్టరు గారూ. స్వీకరించడానికి నేనెవర్ని? ఆవిడే దయతలచి నన్ను ఏలుకుంటోంది" అన్నాడట. అవును అనే ఒక్క మాట ఆయన నోటి నుంచి రాబట్టలేక పాస్టరు గారికి చెమటలు పట్టాయి. చివరికి ఓపలే, "రాసేసుకోండి, ఆయన లెక్కలో ఇదే అవును" అని పెళ్ళి గట్టెక్కించింది. ఆ తర్వాత నలభై ఏళ్ళు వాళ్ళిద్దరూ ఒక్క విషయంలోనూ ఏకీభవించకుండా ఎంతో సుఖంగా కాపురం చేశారు.

వృత్తికి ఆయన పశువుల సంతలో వేలంపాట నడిపేవాడు. మా ఊరు కార్వర్స్ ల్యాండింగ్‌లో ఆయన గొంతెత్తితే ఒహాయో నది అవతల వెస్ట్ వర్జీనియాలో ఆవులు తలెత్తేవంటారు. వేలం మానేశాడు గానీ గొంతు మానలేదు. ఓపల్ పోయాక ఇంట్లో కాదనడానికి మనిషి లేక, ఆ పని ఊరందరితో పెట్టుకున్నాడు.

అలాంటి మనిషికి వైద్యం గొడవ దొరికింది. అందరికీ సర్కారే వైద్యం చేయించాలా, ఎవరి బీమా వాళ్ళు కొనుక్కోవాలా అని వాషింగ్టన్‌లో రగులుకున్న ఏడాది అది. మా ఊరు నిలువునా చీలిపోయింది. చర్చిలో ఈ పక్షం కుడివైపు, ఆ పక్షం ఎడమవైపు కూర్చునేవారు. ప్రతి ఇంటి ముందు గడ్డిలో ఏదో ఒక పక్షం బోర్డు పాతి ఉండేది. బ్రూబేకర్ రెండూ పాతాడు. కుడిచేతి పక్కింటివాళ్ళు బీమా కంపెనీల పక్షం. వాళ్ళ కిటికీకి ఎదురుగా "వైద్యం అందరి హక్కు" అని పెట్టాడు. ఎడమచేతి వాళ్ళు సర్కారు వైద్యం కావాలనేవాళ్ళు. వాళ్ళ వరండాకి ఎదురుగా "సర్కారూ, నా డాక్టరు జోలికి రాకు" అని పెట్టాడు. ఇద్దరికీ కాఫీ చేదెక్కింది.

ఇక నా సంగతి. నా పేరు వెర్లీన్ పోట్స్. జిల్లా ఆసుపత్రిలో ఆపరేషన్ గదుల బయటి హాల్లో బల్ల దగ్గర కూర్చుంటాను. లోపల మనిషిని కోస్తుంటే బయట ఇంటివాళ్ళు కూర్చునే హాలు అది. పాత పత్రికలు, చల్లారిన కాఫీ, గోడమీద బాతుల బొమ్మ. ఆ హాలు ఎలా కనిపెట్టాడో గానీ, ఒంట్లో నలతైనా లేని బ్రూబేకర్ ఆపరేషన్లున్న ప్రతిరోజూ ఉద్యోగానికి వచ్చినట్టు రావడం మొదలుపెట్టాడు. హాలంతా ఓసారి కలియజూసి, ఎవరు ఒంటరిగా ఉంటే వాళ్ళ పక్కన కూలబడేవాడు.

ఓరోజు హోమర్ ఫెరిస్ అనే మొక్కజొన్న రైతు కూర్చుని ఉన్నాడు. లోపల వాళ్ళావిడకి పిత్తాశయం తీస్తున్నారు. చేతిలో టోపీని పిండి కలిపినట్టు నలుపుతున్నాడు. బ్రూబేకర్ పక్కన చేరి, అందరికీ సర్కారే వైద్యం చేయిస్తే పోలేదా అన్నాడు. సర్కారుకి వైద్యంతో పనేమిటన్నాడు హోమర్.

"అక్కడే పప్పులో కాలేశావు. మొన్న నీ తుంటి ఎముక మార్పించింది ఎవరు?"

"మెడికేరు."

"మెడికేరు ఎవరిది?"

"నాది."

"నీదెలా అవుతుందయ్యా? అరవై అయిదు నిండినవాళ్ళకి సర్కారిచ్చేదేగా అది?"

"అదంతా నాకు తెలీదు. మెడికేరు నాది. సర్కారు దాని మీద చెయ్యేస్తే ఊరుకోను."

ఇంతలో తమ్ముడి ఆపరేషన్ కోసం వచ్చిన లైబ్రరీ నడిపే అగస్టా లీమన్ గారు మెచ్చుకోలుగా, బాగా చెప్పారు బ్రూబేకర్ గారూ, నాగరికత ఉన్న దేశాలన్నీ ఆ పనే చేస్తున్నాయి కదా అంది. ఆయన కుర్చీతో సహా ఆవిడ వైపు తిరిగాడు.

"అక్కడే పప్పులో కాలేశారు. కెనడాలో మోకాలి చిప్ప మార్చుకోవాలంటే ఆర్నెల్లు వరసలో నిలబడాలట. మోకాలు నొప్పని వచ్చినవాణ్ణి ఎవరైనా నిలబెడతారా?"

హోమర్ నోరు తెరిచాడు. "ఇప్పుడే కదయ్యా నువ్వు సర్కారు వైపు మాట్లాడావు?"

"అది అప్పుడు."

అక్కణ్ణించి ముగ్గురూ కలిసి హాలు పైకప్పు లేపారు. డాక్టరొచ్చి, మీ ఆవిడ కులాసా అని చెప్పేసరికి హోమర్ టోపీ ఏ కుర్చీ కిందో పడి ఉంది. వెతికి ఇచ్చింది నేనే. సణుగుతూ ఇచ్చాను.

మా ఊళ్ళో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే ఫైర్ స్టేషన్లో స్పగెట్టి భోజనాలు పెట్టి, ఆడవాళ్ళు చేసిన కేకులు వేలం వేసి, వచ్చిన డబ్బు రోగికిస్తాం. ఆ ఏడు స్కూలు బస్సు నడిపే ర్యాండల్‌కి కిడ్నీ మార్చాల్సి వచ్చింది. కేకులకు కేకలు వేసేది బ్రూబేకరే కదా. వేలం మంచి ఊపుమీదుండగా ఎవరో కంపెనీల పక్షం ఆయన లేచి, చూశారా, ఇరుగుపొరుగు ప్రేమ ఉంటే సర్కారెందుకు అన్నాడు. బ్రూబేకర్ కొబ్బరి కేకు చేత్తో పట్టుకునే ఆగిపోయాడు.

"అక్కడే పప్పులో కాలేశారు. ఒక కిడ్నీకి ఎన్ని కేకులు? గుండెకి ఎన్ని? గుండె ఖరీదుకి సరిపడా కేకులు తింటే ఊరందరికీ షుగరొస్తుంది. ఆ షుగరుకి మళ్ళీ కేకులా?"

అవతలి పక్షం చప్పట్లు కొట్టింది. ఆయన అటు తిరిగి, మీరేం కొడతారు చప్పట్లు, సర్కారు చేతికిస్తే ఈ కేకు వచ్చే ఏడాదికి వస్తుంది, అప్పటికి పైన క్రీము ఉండదు, కింద సంతకాలుంటాయి అన్నాడు. రెండు పక్షాలకీ ఒళ్ళు మండింది. ఆయన్నేమీ చెయ్యలేక ఒకరిమీద ఒకరు పంతానికి పాడారు. అడుగంటిన చాక్లెట్ కేకు ఒకటి, మా చెల్లెలు చేసిందే, గుర్రం ఖరీదుకి పోయింది.

ఆసుపత్రి మేనేజరు హాస్కెల్ గారికి ఫిర్యాదులు వెళ్ళాయి. ఆయన "ఇక్కడ రాజకీయాలు మాట్లాడరాదు" అని బోర్డు రాయించి, నా చేత గోడకి కొట్టించాడు. మర్నాడు బ్రూబేకర్ వచ్చి, బోర్డు చదివి, సరిగ్గా దాని కింద కుర్చీ వేసుకున్నాడు. ఇంకోసారి ఆ మనిషి నోరు తెరిస్తే కాపలావాణ్ణి పిలిచి బయటికి పంపించమని హాస్కెల్ గారు నాకు చెప్పారు. నాకూ అదే కావాలి. చెవులు చిల్లులు పడుతున్నాయి మరి.

సరిగ్గా ఆ వారమే గస్‌కి ఆపరేషను. గస్ నా మొగుడు. ట్రాక్టర్లు బాగుచేస్తాడు. ఊళ్ళో ఏ ఇంజను వాల్వు పాడైనా శబ్దం విని చెప్పేవాడు, తన గుండెలో వాల్వు పాడైతే అరగలేదనుకుని సోడా తాగాడు. డాక్టర్లు వెంటనే మార్చాలన్నారు. బీమా కంపెనీ, ముందు మాత్రలు వాడి చూడండి అంది. నేను పదహారేళ్ళుగా ఆసుపత్రిలోనే పనిచేస్తున్నాను, బీమా ఇచ్చింది కూడా ఆసుపత్రే. అయినా నా మొగుడి గుండె అవసరమో కాదో ఎక్కడో టెక్సాస్‌లో మా మొహాలు చూడని మనిషి తేల్చాలి. వాళ్ళు రెండుసార్లు తిప్పి పంపి మూడోసారి సరేననే లోపల గస్ మెట్లెక్కలేని స్థితికొచ్చాడు. ఆలస్యమైంది, బతుకుతాడని మాటివ్వలేను అని డాక్టరు నాతో దాచకుండా చెప్పాడు.

అలా బల్లకి ఇవతలివైపు కూర్చున్నాను, మొట్టమొదటిసారి. నా బదులు బల్ల దగ్గర కొత్తమ్మాయిని కూర్చోబెట్టారు. చెల్లెలు నార్మా వచ్చింది, పాస్టరు గారొచ్చారు, చర్చివాళ్ళు రెండు పక్షాలవాళ్ళూ వచ్చారు. అందరూ ఎంత మంచివాళ్ళో. బీమా కంపెనీ వాళ్ళు దొంగలు అన్నాను. అవునమ్మా అన్నారు, కంపెనీల పక్షం వాళ్ళు కూడా. పోనీ నేనే ముందుగా సిటీకి తీసుకెళ్ళాల్సింది, తప్పు నాదే అన్నాను. అవునవును, ఇప్పుడేమనుకుని ఏం లాభం అన్నారు. ఆ బాతులు కొంగల్లా ఉన్నాయి కదా అన్నాను, ఏదో ఒకటి అనాలని. "అవును వెర్లీన్, అచ్చం కొంగలే" అంటూ నార్మా నా చెయ్యి నిమిరింది. అప్పుడు భయం వేసింది నాకు. కొంగలని ఒప్పుకునేంత జాలి పడుతున్నారంటే గస్ దక్కడని అందరికీ తెలిసిపోయిందన్నమాట.

అప్పుడు తలుపు తోసుకుని బ్రూబేకర్ వచ్చాడు.

కొత్తమ్మాయి కాపలావాడికి ఫోను చెయ్యబోతూ నాకేసి చూసింది. వద్దని తల అడ్డంగా ఊపాను. ఆయన అందర్నీ జరగమని నా పక్కన కూలబడి, ఏమిటి కబుర్లు అన్నాడు. ఏముంది, బీమా కంపెనీలు మనుషుల్ని చంపుకుతింటున్నాయి అన్నాను నీరసంగా.

"అక్కడే పప్పులో కాలేశావు, అమ్మాయ్. కంపెనీవాడు అడ్డమైన ఆపరేషనుకీ డబ్బిస్తే రేపు నీ బీమా ఎవడు కడతాడు?"

హాలంతా గతుక్కుమంది. పాస్టరు గారు, "క్లెటస్, ఇది సమయం కాదు" అన్నారు. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. "అడ్డమైన ఆపరేషనా? నా మొగుడి గుండె అడ్డమైందా?" అని మొదలుపెట్టాను. ఆగలేదు. రెండుసార్లు తిప్పి పంపిన సంగతి, ఫోనులో గంటలకొద్దీ వినిపించిన పాట, అన్నీ ఏకరువు పెట్టాను. ఆయన ప్రతిదానికీ అడ్డు పుల్ల వేశాడు. ర్యాండల్ కిడ్నీ కేకులు గుర్తుచేసి నోరు మూయించాననుకున్నాను. పోనీ సర్కారైతే తిప్పి పంపదా, వాషింగ్టన్ గుమాస్తా అంతకంటే గొప్పవాడా అని నేనే అన్నాను, ఆయన తర్వాత ఏమనగలడో ముందే అనేసి కాళ్ళు విరగ్గొడదామని.

"అక్కడే పప్పులో కాలేశావు. ఇల్లు తగలబడితే ఫైరింజను నీ బీమా కాగితం చూసి వస్తుందా? గుండె తగలబడితే మాత్రం ఎందుకు చూడాలి?"

"ఇప్పటిదాకా కంపెనీల వైపు కదా మీరు?"

"నువ్వు మారావు. నేను ఖాళీగా కూర్చోనా?"

ఎంతసేపు పోట్లాడామో తెలీదు. నేను లేచి నిలబడి, ఆయన కోటు గుండీ పట్టుకుని, సర్కారు వల్ల జరగబోయే అనర్థాల మీద ఉపన్యాసం ఇస్తున్నాను. నేను అంతకుముందెన్నడూ నమ్మనివి, ఆ తర్వాత కూడా నమ్మనివి. వెనక నుంచి ఎవరో మిసెస్ పోట్స్ అని పిలిచారు.

"ఉండండి, ఈయనకో మాట చెప్పి వస్తాను" అన్నాను.

నార్మా నా మోచెయ్యి పట్టి లాగింది. తిరిగి చూస్తే ఆకుపచ్చ గౌనులో డాక్టరు. మాస్కు గడ్డం కిందికి లాగి నవ్వుతున్నాడు. వాల్వు కుదిరింది, గుండె తనంతట తనే కొట్టుకుంటోంది, గంటలో చూడొచ్చు అన్నాడు. నేను ఏడ్చాను. నార్మా ఏడ్చింది. రెండు పక్షాలూ ఏడ్చాయి. బ్రూబేకర్ గుండీ ఇంకా నా చేతిలోనే ఉంది, దారంతో సహా ఊడి.

ఎవరో పిలిచినట్టు అప్పుడే హాస్కెల్ గారు దిగారు. రాజకీయాలు మాట్లాడాడని ఫిర్యాదొచ్చింది, ఆయన్ని పంపించేశావా అని అడిగారు నన్ను. ఆయనేమీ మాట్లాడలేదండీ, మాట్లాడింది నేనే అన్నాను. అది నూటికి తొంభై పాళ్ళు నిజమే.

జనం సర్దుకున్నాక గుండీ తిరిగి ఇస్తూ అడిగాను. "నిజం చెప్పండి. అసలు మీరు ఏ పక్షం?"

ఆయన గుండీ అందుకున్నాడు. "ఓపల్ లోపలున్న రోజు, ఆవేళ నువ్వు సెలవులో ఉన్నావులే, ఇదే కుర్చీలో కూర్చున్నా. పాస్టరు, పక్కింటివాళ్ళు, అందరూ ఉన్నారు. నేనేమన్నా అవునన్నారు. నలభై ఏళ్ళుగా నాతో ఎవరూ అవునన్లేదు, అమ్మాయ్. దాంతో నాకు అర్థమైపోయింది. వేలంలో రెండో పాట లేకపోతే ఆ సరుకు పోయినట్టే. అందుకని, రెండో పాట పాడేవాడు ఒకడుండాలి కదా ఇక్కడ."

పక్షం సంగతి మాత్రం చెప్పలేదు. ఇప్పటికీ ఎవరికీ తెలీదు.

మీరెంత మంచివారు అనబోయి ఆగాను. ఆయనతో ఆ మాట అంటే ఏం జరుగుతుందో తెలుసు. పదహారేళ్ళు ఆ బల్ల దగ్గర కూర్చుని ఆమాత్రం నేర్చుకోకపోతే ఎలా?

"బ్రూబేకర్ గారూ, మీ అంత దుర్మార్గుడు ఈ జిల్లాలోనే లేడు" అన్నాను.

"అక్కడే పప్పులో..." అని అలవాటుగా అందుకున్నాడు. అని, ఆగిపోయాడు. నోరు తెరుచుకునే ఉంది. కాదంటే తాను మంచివాణ్ణని తన నోటితోనే ఒప్పుకోవాలి. అవునంటే డెబ్భై నాలుగేళ్ళ వ్రతం చెడుతుంది. బోర్డుకేసి చూశాడు, బాతులకేసి చూశాడు. చివరికి గుండీ జేబులో వేసుకుని, టోపీ పెట్టుకుని, ఒక్క మాటా అనకుండా తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు.

గురువారం నాడు మళ్ళీ వచ్చాడు. నేను అప్పటికే ఒంటరిగా ఉన్న ఒకావిడ పక్కన ఆయన కోసం కుర్చీ వేసి ఉంచాను. చూసి, కుర్చీ అక్కడ కాదు, ఇక్కడ ఉండాలంటూ జానెడు పక్కకి జరుపుకుని కూర్చున్నాడు.