మేకు మీది తాళంచెవులు

ఎన్నికల ఫలితాలు వచ్చిన మర్నాడు మా వీధిలో ఎవరూ ఎవరి ముఖమూ సరిగా చూడలేదు. దేశం సంగతి దేవుడెరుగు, మా వీధిలో మాత్రం ఎవర్ని కదిపినా ఓడినాయనకే వేశామన్నారు. మరి గెలిచినాయనకు ఓట్లు ఆకాశం నుంచి రాలాయా? ఎవరో ఒకరు వేసే ఉండాలి. ఆ ఎవరో తేలక, పాలు పోసే మనిషి దగ్గర్నుంచి ఎదురింటి అత్తగారి దాకా అందర్నీ అందరూ ఓ కంట కనిపెట్టుకుంటూ కూర్చున్నాం. నేనూ అంతే. నాకసలే అనుమానం ఎక్కువ, మా ఆయన్ని అడిగితే కథలుకథలుగా చెబుతాడు.

నేను కుట్టుపని చేస్తాను. నా మిషను ఉన్న కొట్టులో సగం మా బాబాయిది. మా నాన్నకు సొంత తమ్ముడు. పిన్ని పోయాక ఆయనకు నేనే కూతురూ కోడలూ అన్నీ. వీధిలో అందరూ తాళాలాయన అంటారు. పోయిన తాళంచెవికి కొత్తది చేయడం, బిగుసుకుపోయిన తాళం తీయడం ఆయన పని. ఏ తాళంచెవైనా ఒక్కసారి కంటితో చూస్తే చాలు, దాని పళ్ళు ఆయన మనసులో అచ్చయిపోతాయి. అలాంటి మనిషి కొట్టు తలుపుకున్న తాళం మాత్రం గట్టిగా లాగితే ఊడి చేతికొస్తుంది. బాగుచేయమని నేను పోరు పెట్టినప్పుడల్లా, "మన దగ్గర ఎత్తుకెళ్ళడానికి ఏముందే?" అనేవాడు.

బాబాయికి ఒక పద్ధతి ఉంది. ఇత్తడి బిళ్ళ మీద నేరుగా ఆకురాయి పెట్టడు. ముందు పాత రేకుముక్క మీద నమూనా కోసి, అది తాళంలో సాఫీగా తిరిగాకే అసలుది మొదలుపెడతాడు. పని అయ్యాక ఆ నమూనాకు దారం కట్టి, గోడకున్న పెద్ద మేకుకు తగిలిస్తాడు. ఏ రంగు దారం ఎవరింటిదో ఆయనకే తెలుసు. దారాలిచ్చేది నేను. అలా మా వీధి ఇళ్ళన్నీ ఆ మేకుకు వేలాడుతుండేవి. ఎవరైనా తాళంచెవి పారేసుకుని గుమ్మం బయట నిలబడిపోతే, బాబాయి నమూనా చూసి చిటికెలో ఇంకోటి చేసి ఇచ్చేవాడు. ఎదురింటి అత్తగారైతే ఎన్నిసార్లు పారేసుకుందో, "నువ్వు లేకపోతే మా బతుకు వీధి పాలయ్యేది నాయనా" అని ప్రతిసారీ దీవించేది.

పోలింగు రోజు సాయంత్రం, ఓట్ల పెట్టెలు బడిలో ఒక గదిలో పెట్టాక, ఆ గది తాళంలో తాళంచెవి విరిగిపోయింది. అధికారి కబురు పంపితే బాబాయి వెళ్ళాడు. రెండు పార్టీల ఏజెంట్ల ఎదుట విరిగిన ముక్క తీసి, కొత్త తాళంచెవి చేసి ఇచ్చాడు. తాళం వేసి, లక్క సీలు వేసి, అందరూ సంతకాలు పెట్టారు. మర్నాడు పొద్దున బాబాయి నన్ను ఒక దారం అడిగితే పచ్చది ఇచ్చాను.

"ఎవరిది బాబాయ్?"

"బడిది" అన్నాడు. నేను మిషను తొక్కుకుంటూ ఊ కొట్టాను.

ఇక ఫలితాల తర్వాతి సంగతి. మా కొట్టు ముందు ఒక బల్ల ఉంది. సాయంత్రమైతే దాని మీద ఇద్దరు చేరతారు. ఒకరు లెక్కల మాస్టారు, రిటైరయ్యారు. రెండోవాడు రంగుల కొట్టతను. ఓడినాయన తరఫున పోలింగులో కూర్చున్నాడు కాబట్టి అతన్ని ఏజెంటు అంటున్నాం. అతని మీదా నాకు అనుమానమే. అంత ఘోరంగా ఓడిపోయినవాడు కొట్టుకు కొత్త షట్టరు ఎలా పెట్టించాడు?

"మనం ఓడిపోలేదు మాస్టారూ, మనల్ని ఓడించారు" అన్నాడు ఏజెంటు.

"ఓడినవాడెప్పుడూ ఇదే పాట పాడతాడు. క్రితంసారి మీరు గెలిచినప్పుడు అంతా సవ్యంగా జరిగిందన్నావుగా?"

"అప్పుడు లెక్కింపు మధ్యలో కరెంటు పోలేదండీ!"

"చూడు బాబూ, ఓడినవాడు ఓడానని ఒప్పుకుంటేనే ప్రజాస్వామ్యం. లేకపోతే ఈ ఓట్లూ క్యూలూ ఎందుకు? కర్రలు పట్టుకుని రోడ్డు మీద తేల్చుకోవచ్చు."

"ఒప్పుకుంటానండీ, నాకేం సరదానా? నాకు చూపించమనండి. కళ్ళారా చూశాక ఒప్పుకుంటాను."

"దేశంలో ఉన్న ప్రతి ఓటూ నీ కళ్ళతో చూస్తావా?"

"పోనీ మీరు చూశారా? చూడకుండా మీరు నమ్మొచ్చు, చూడకుండా నేను అనుమానించకూడదా?"

నాకు ఇద్దరి మాటా నిజమే అనిపించింది, దాంతో ఇంకా ఒళ్ళు మండింది. ఏజెంటు ఆ ఊపులో లోపలికి చూశాడు. చూపు మేకు మీద పడింది.

"అవునూ తాళాలాయనా, ఆ రోజు బడి గదికి తాళంచెవి చేసింది నువ్వే కదా?"

"నేనే. పక్కనే ఉండి చూశావుగా."

"నమూనా లేకుండా నువ్వు చేయవు కదా. మరి ఆ నమూనా ఏది?"

మిషను మీద నా కాలు ఆగిపోయింది. పచ్చదారం నాకు ఎదురుగానే కనిపిస్తోంది. పోయింది, పారేశాను, ఏదో ఒకటి చెప్పమని కళ్ళతోనే బతిమాలాను. బాబాయి నా వైపు చూడనైనా లేదు. లేచి మేకు దగ్గరికెళ్ళి, వెతికి, తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఇదిగో" అన్నాడు.

ముందుగా తేరుకున్నది మాస్టారే. "ఎంత పని చేశావయ్యా! దీన్ని అధికారికి ఇచ్చేయొద్దూ?"

"తోచలేదండీ. ఎప్పుడూ చేసే పనే కదా. జేబులో వేసుకొచ్చాను, తగిలించాను."

"అంటే, ఓట్లు లోపల ఉన్నన్నాళ్ళూ ఆ గది తాళంచెవి ఇక్కడ ఈ గోడకు వేలాడుతోందన్నమాట!" ఏజెంటు బల్ల మీంచి లేచాడు. "మధ్యలో ఎవరైనా పట్టుకెళ్ళి, పని చూసుకుని మళ్ళీ ఇక్కడే తగిలించి ఉంటే?"

ఇంకొకరైతే ఛఛ, అలా ఎందుకు జరుగుతుందనేవారు. బాబాయి నిజంగానే ఆలోచించాడు. "చెప్పలేనయ్యా. మధ్యాహ్నం నేను భోజనానికి వెళతాను, అమ్మాయి గుడ్డలు ఇవ్వడానికి వెళుతుంది. తలుపు చూస్తే అలాంటిది. పట్టుకెళ్ళలేదని ఎలా చెప్పను?"

నేను ఆగలేక ఏజెంటు మీదికి లేచాను. "లక్క సీలు ఉంది కదా! చెక్కుచెదరలేదని లెక్కింపు రోజు సంతకం పెట్టింది నువ్వు కాదూ?"

"సీలు వేసేదెవరమ్మా? వాళ్ళే. కావాలంటే ఇంకోటి వేసుకోరూ?"

"మరి నీ సంతకమో?"

"అది నా సంతకమేనా అని ఇప్పుడు నాకే అనుమానంగా ఉంది" అన్నాడు ఏజెంటు. నవ్వొచ్చే మాటే. ఎవరూ నవ్వలేదు.

ఆ మాట ఇంటింటికీ పాకింది. అధికారి మనిషి వచ్చి, ఆ రేకుముక్కను కవర్లో వేసుకుని, సీలు భద్రంగానే ఉందనీ అనుమానాలు పెట్టుకోవద్దనీ చెప్పి వెళ్ళాడు. దాంతో అనుమానం రెట్టింపయింది. ఏమీ లేకపోతే కవర్లో వేసుకోవడం దేనికి?

ఆ తర్వాత అందరికీ తమ ఇళ్ళు గుర్తొచ్చాయి. మొదట ఎదురింటి అత్తగారే వచ్చింది.

"మా ఇంటిది కూడా ఉందా నాయనా అందులో?"

"ఉందండీ, నీలం దారం."

"ఒకసారి ఇలా ఇస్తావా? ఏం లేదు, ఊరికే. మా అబ్బాయి అడిగాడు."

ఇచ్చాడు. ఆవిడ దాన్ని కొంగున ముడేసుకుని వెళ్ళి, సాయంత్రానికి పెద్ద వీధిలో కొత్త తాళం కొనుక్కొచ్చింది. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. అందరికీ ఊరికేనే కావాలి. అందరికీ ఇంట్లో ఎవరో ఒకరు అడిగారు. మా కొట్టు ముందు నుంచి వెళ్ళేటప్పుడు తాళంచెవులు పిడికిట్లో దాచుకోవడం కూడా మొదలుపెట్టారు. బాబాయి కంటితో చూస్తే చాలని అందరికీ తెలుసు కదా. ఒకప్పుడు ఆ సంగతి చుట్టాలకు గొప్పగా చెప్పుకున్నది కూడా వీళ్ళే.

మాస్టారు మాత్రం వచ్చి, "నాది అక్కడే ఉండనీ, నాకలాంటి అనుమానాలు లేవు" అని గట్టిగా, నలుగురికీ వినబడేలా అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. మర్నాడు జాకెట్లు ఇవ్వడానికి అటు వెళితే, ఆయన గేటుకు కొత్త తాళం తళతళా మెరుస్తోంది.

బాబాయికి పని తగ్గిపోయింది. స్టూలు మీద కూర్చుని దాదాపు ఖాళీ అయిన మేకు వైపు చూస్తుండేవాడు.

"ఇవన్నీ నా దగ్గరున్నాయని వాళ్ళకు ముందు నుంచీ తెలుసు కదమ్మా?"

"తెలుసు బాబాయ్."

"మరి ఇప్పుడేమైంది?"

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. "ఆ రోజు పారేశానని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయేది?" అని అరిచాను.

"పారేయలేదు కదే" అన్నాడు.

అయినా మధ్యాహ్నం భోజనానికి మాత్రం మా ఇంటికి వెళ్ళొస్తూనే ఉన్నాడు. నేను వండి మూత పెట్టి వస్తాను. ఆయన దగ్గర మా ఇంటి తాళంచెవి ఒకటి ఉంటుంది. తలుపు తీసుకుని, తిని, గిన్నె కడిగిపెట్టి, మళ్ళీ తాళం వేసి వస్తాడు. ఆ ఒక్క తలుపు తనదేనని ఆయన ధైర్యం. నా ధైర్యమూ అదే.

ఒకరోజు బాబాయి అలా వెళ్ళాక మా ఆయన కొట్టుకొచ్చాడు. నా మిషను మీద ఒక కొత్త తాళంచెవి పెట్టాడు.

"ఇదేంటి?"

"ఇంటి తాళం మార్చాను."

"నీకేమైనా మతి పోయిందా? బాబాయిని అనుమానిస్తున్నావా?"

"ఆయన్ని కాదే! ఆయన బంగారం, నాకు తెలీదూ? వీధంతా మార్చింది. మనమొక్కళ్ళమే మార్చకపోతే, వీళ్ళకూ అందులో వాటా ఉందనుకోరూ?"

"ఎప్పుడు మార్చావు?"

"ఇప్పుడే. అక్కణ్ణుంచే వస్తున్నా."

స్టూలు వైపు చూశాను. ఖాళీ. తాళంచెవి లాక్కుని, చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను.

బాబాయి మా గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు. పాత తాళంచెవి చేతిలోనే ఉంది. రెండో చేతి బొటనవేలితో కొత్త తాళాన్ని మెల్లగా తడుముతున్నాడు. నన్ను చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"బాబాయ్, అదీ... ఆయనే... నాకసలు..."

"మంచి తాళమేనమ్మా" అన్నాడు. "చాలా గట్టిది. దీన్ని నేను కూడా తీయలేను."

అలాంటి తాళాలు ఆయన నాతో కబుర్లు చెబుతూ తీసి పక్కన పడేయడం ఎన్నిసార్లు చూశానో. ఏజెంటు ముందు ఆడని అబద్ధం నా గుమ్మంలో, నా కోసం ఆడాడు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

"లోపలికి రా బాబాయ్, వడ్డిస్తాను" అంటూ పిడికిలి విప్పి తాళంచెవి బయటికి తీశాను. బాబాయి గబుక్కున వీధి వైపు తిరిగి నిలబడ్డాడు.

"తియ్యి" అన్నాడు. "నేను చూడటం లేదులే."