కృపాదానం చెప్పని ప్రార్థన అంశం

న్యూజిలాండ్‌లో మా ఊరు పామర్‌స్టన్ నార్త్‌కి కొత్తగా వచ్చే తెలుగువాళ్ల కోసం మా సహవాసం ఒక చిన్న పుస్తకం వేస్తోంది. ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు పనికొచ్చే నాలుగు మాటలు అందులో రాయమని నాకు అప్పజెప్పారు. ఇరవై రెండేళ్లు ఇక్కడి ముసలివాళ్ల రెస్ట్ హోముల్లో నర్సుగా చేశాను కాబట్టి జోసఫిన్ ఆంటీకి అందరూ తెలుసని వాళ్ల నమ్మకం. సలహాలు రాయడం నాకు చేతకాదు. కృపాదానం సంగతి రాస్తాను. రాయమని అతనే అన్నాడు.

కృపాదానానిది తెనాలి. అక్కడ పాల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పద్నాలుగేళ్లు చేశాడు. పాలలో ఏం కలిపినా చిటికెలో పట్టేస్తాడని పేరు. భార్య ఫేబీకి ఇక్కడి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వస్తే ఆమె వెంట వచ్చాడు. పని చేసుకోవడానికి వీసా ఉంది, పనే లేదు.

వచ్చిన మొదటి ఆదివారం చర్చి హాల్లో భోజనాల దగ్గర, ఏం చేస్తున్నారు బ్రదర్ అని ఎవరో అడిగారు. అడిగినాయనకి జవాబు మీద అంత ధ్యాస కూడా లేదు, చేతిలో పప్పు గరిటె ఉంది. ఇతను మాత్రం తడబడిపోయి, ఇండియా కంపెనీకే ఇంటి నుంచి పని చేస్తున్నానన్నాడు. భార్య సంపాదన మీద బతుకుతున్నానని చెప్పడానికి నోరు రాలేదు. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి ఇంకో ఆదివారం వచ్చింది, మరో ఆదివారం వచ్చింది, ధైర్యం మాత్రం రాలేదు.

ఎనిమిది నెలలు అలాగే గడిచాయి. ఫేబీ నైట్ డ్యూటీ చేసి వచ్చి పడుకుంటే అడుగుల చప్పుడు కాకుండా లైబ్రరీకి పోయేవాడు. ఆమెకి మధ్యాహ్నం డ్యూటీ పడితే సాయంత్రమంతా ఇంట్లో ఒక్కడే. కూర ఎక్కడుందో, బట్టలు ఎప్పుడు ఆరేయాలో, అన్నీ ఫ్రిజ్ మీద చీటీలే. రోజు మొత్తంలో అతనితో మాట్లాడేది సూపర్‌మార్కెట్‌లో బిల్లు వేసే అమ్మాయి ఒక్కతే, అదీ రసీదు కావాలా అని. అందుకే మిషను దగ్గర సొంతంగా బిల్లు చేసుకునేవాడు కాదట. అతను ఈ మాట నవ్వుతూనే చెప్పాడు, నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఆన్‌లైన్‌లో రెండు వందల పైచిలుకు దరఖాస్తులు పెట్టాడు. వచ్చిన జవాబులన్నీ కంప్యూటర్ రాసినవే. ఇంత చదువుకున్న మనిషి, అడ్డమైన వెబ్‌సైట్‌కీ తన కథంతా చెప్పుకుని, పక్కన కూర్చున్న మనిషికి ఒక్క ముక్క చెప్పకపోవడం ఏమిటో నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా శుక్రవారం ప్రార్థనలో పాటలు, వాక్యం అయ్యాక ఒక్కొక్కరూ లేచి ప్రార్థన అంశం చెబుతారు. నేను నోటుబుక్కులో రాసుకుంటాను. భక్తి సంగతి అలా ఉంచితే, ఎవరికి అద్దె ఇల్లు కావాలో, ఎవరి కారు అమ్మకానికుందో, ఎక్కడ మనుషుల కోసం చూస్తున్నారో మాకు తెలిసేది అక్కడే. దేవుడి సంగతేమోగాని పక్క కుర్చీలో మనిషి మాత్రం తప్పకుండా వింటాడు. కృపాదానం ప్రతి వారం లేచి తెనాలిలో అమ్మ మోకాళ్ల నొప్పి గురించి చెప్పేవాడు. ఆ మోకాళ్ల కోసం ఎనిమిది నెలలు ప్రార్థించాం.

మే నెలలో పాత ఫ్యాక్టరీవాళ్లు ఫోన్ చేశారు. జూన్ ఒకటికల్లా వచ్చి చేరితే అతని ఉద్యోగం అతనికే. ఫేబీకి వెళ్లడం కుదరదు, ఇక్కడి నర్సింగ్ రిజిస్ట్రేషన్ కోసం నానా తంటాలు పడింది. వెళ్తే అతనొక్కడే వెళ్లాలి, మళ్లీ ఒకచోట ఎప్పుడుంటారో తెలియదు. అయినా వెళ్లడానికే నిశ్చయించుకున్నాడు. సోమవారం టికెట్ కొనాలి.

అంతకుముందు శుక్రవారం నోయెల్ ముందు లేచాడు. అతను పాలు పరీక్షించే ల్యాబ్‌లో సూపర్‌వైజరు. మాలో ఆ పని తెలిసినవాళ్లు లేరనుకుని, మనిషి కావాలన్న సంగతి మా దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు. ఆరు వారాలుగా వెతుకుతున్న మనిషి దొరికాడని, కొత్తతను సోమవారమే చేరుతున్నాడని దేవుడికి స్తోత్రం చెప్పాడు. తర్వాత కృపాదానం వంతు. నేను అతని పేరు పక్కన మోకాళ్లని ముందే రాసేసుకున్నాను. అతను లేచి ముందున్న కుర్చీ వీపు పట్టుకున్నాడు.

"నాకు జాబ్ లేదండి," అన్నాడు. "వచ్చినప్పట్నుంచీ లేదు. ఇండియా కంపెనీ అని చెప్పింది అబద్ధం. నాకు పాల ల్యాబ్ పని తప్ప ఇంకోటి రాదు."

ఫేబీ తల దించుకుంది. నోయెల్ మొహం పాలిపోయింది.

"అన్నా, ఆరు వారాలూ నీ పక్కనే కూర్చుని భోంచేశాను," అన్నాడు.

ఆ ఉద్యోగం పోయింది, దాన్ని ఎవరూ వెనక్కి తేలేరు. కానీ మర్నాడు పొద్దున్నే నోయెల్ కృపాదానం ఇంటికి వెళ్లాడు. మా మేనేజర్‌ని నీకోసం పావుగంట అడుగుతాను, ఆయన్ని ఉద్యోగం మాత్రం అడగవద్దన్నాడు. ఇక్కడ ల్యాబుల్లో పని ఎలా జరుగుతుందో అడుగు, నీ పని గురించి రెండు ముక్కలు చెప్పు, లేచేముందు ఇంకెవరితో మాట్లాడితే బాగుంటుందో కనుక్కో, ఇంటికి రాగానే థాంక్స్ చెప్తూ మెయిల్ పెట్టు అని నేర్పించాడు. ఇతను సర్టిఫికెట్ల ఫైలు పట్టుకుని వెళ్లి, అందరూ పేరు పెట్టి పిలిచే ఆ మేనేజర్‌ని నిమిషానికోసారి సర్ అని కంగారు పెట్టాడు. ఆయనే మంచివాడు, ఫైలు పక్కన పెట్టించి, ఇద్దరి పేర్లు రాసిచ్చాడు. ఆ ఇద్దరూ ఇంకో ముగ్గురిని చెప్పారు. అసలు కాఫీ అలవాటే లేని మనిషి మూడు వారాల్లో పదకొండు మంది కివీలతో కాఫీ తాగాడు.

టికెట్ కొనలేదు. జూన్ ఒకటి వచ్చింది, పోయింది. ఆ రోజుకి అక్కడి ఉద్యోగమూ లేదు, ఇక్కడిదీ లేదు. ఫేబీ డ్యూటీకి వెళ్లాక అతను రోజంతా మంచం దిగలేదట.

ఆగస్టులో పాలు ఎక్కువగా వచ్చే కాలం మొదలవుతుండగా, ఆ పదకొండు మందిలో ఒకావిడ తనే ఫోన్ చేసి ల్యాబ్‌లోకి తీసుకుంది. సీజన్ వరకే అయినా ఉద్యోగం ఉద్యోగమే. ఆ సాయంత్రం స్వీటు డబ్బా పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. టీ పోస్తూ చెడామడా తిట్టాను. ఎనిమిది నెలలు నీలో నువ్వే కుమిలిపోయే బదులు కనీసం నాతోనైనా ఒక్క మాట చెప్పి ఉండాల్సింది కదా అన్నాను. అతను కప్పు కింద పెట్టాడు.

"చెప్పాలనే అనుకున్నా ఆంటీ. మార్చిలో ఓ రోజు లైబ్రరీ బయట బెంచీ మీద కూర్చుని ఏడుస్తుంటే మీరు రోడ్డు దాటి ఇటే వస్తున్నారు. మీరు ఒక్కసారి పిలిస్తే చాలు, మొత్తం చెప్పేద్దామని లేచి నిలబడ్డాను."

నాకు గుర్తుంది. ఇంతవరకూ రాయలేదు గానీ, నేనూ అతన్ని చూశాను. కళ్లు తుడుచుకుంటున్న మగమనిషిని పలకరిస్తే అతనికి తలవంపులుగా ఉంటుందని, చూడనట్టు వెనక్కి తిరిగాను. అదే మర్యాద అనుకున్నాను. అతను లేచి నిలబడడం కూడా చూశాను. వెళ్లిపోతున్నాడులే అనుకుని కారెక్కాను.